ఫోన్ల గదికి చెప్పని మాట

“నీ గ్లాసు నువ్వు కడుక్కోవడమేమిటే కొత్తగా?” అని కూతుర్ని అడిగింది బుజ్జి అత్తగారు.

వదిన గ్లాసు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుంది. పొయ్యి దగ్గర బుజ్జి ఇద్దరి అన్నం డబ్బాలకీ మూతలు పెడుతోంది. వదిన తన డబ్బా వైపు కన్నెత్తయినా చూడలేదు.

“వదినా, డబ్బా,” అంది బుజ్జి.

“వెళ్ళొస్తానమ్మా,” అంది వదిన, తన తల్లితో.

“అదేంటే, ఇద్దరూ బండి మీద వెళ్ళరూ?”

“బస్సుంది.”

తలుపు మెల్లగా మూసుకుంది. బుజ్జికి అదే గుచ్చుకుంది. ధడాలున వేసి పోయినా బాగుండేది. వదినకి కోపమొస్తే ఇల్లెగిరిపోయేలా అరిచి, అరగంట తిరక్కుండా తనే వచ్చి “టీ పెట్టనా?” అని అడుగుతుంది. నిన్న సాయంత్రం ఆసుపత్రిలో పని ముగించుకుని వచ్చిన దగ్గర్నుంచీ ఆ మనిషికి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“ఏమయిందే మీ ఇద్దరికీ?” అంది అత్తగారు.

“ఏం లేదత్తయ్యా. ఆఫీసు గొడవ.”

“ఆఫీసు గొడవ ఆఫీసులో ఉండాలి గానీ నా వంటింట్లోకెందుకొచ్చింది?”

బుజ్జి నీళ్ళు నమిలింది. అత్తగారు, కూతురు వదిలేసిన డబ్బా తీసి అలమరలో పెట్టింది. ఇంకేం అడగలేదు. ఆవిడ అడగడం మానేసిందంటే ఎంత బాధపడుతోందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

భర్త ఒక చెంప మీద సబ్బు నురగతోనే బయటికొచ్చాడు. బళ్ళో లెక్కలు చెబుతాడు. ఇంట్లో పెద్దగా మాట్లాడడు గానీ, మాట్లాడితే తప్పించుకోవడం కష్టం.

“అక్క వెళ్ళిపోయిందా?”

“బస్సులో వెళ్ళిందండీ.”

“నిన్న అడిగాను. ‘మీ ఆవిణ్ణి అడుగు’ అంది. అందుకని నిన్నడుగుతున్నాను. మీ ఆసుపత్రిలో ఫోన్ల గది మూసేస్తున్నారని నీకు ముందే తెలుసా?”

“తెలుసా అంటే...”

“అవునో కాదో చెప్పు బుజ్జీ. మధ్యరకం జవాబులకి నేను మార్కులివ్వను.”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“ఎండలు ముదరక ముందునుంచి.”

బయట వాన పడుతోంది. భర్త కిటికీ వైపు చూశాడు. చెంప మీద నురగ ఎండిపోతున్నా తుడుచుకోలేదు.

“పైవాళ్ళు చెప్పద్దన్నారండీ. ఉత్తర్వు వచ్చేదాకా ఎవరికీ...”

“నేను కూడా ఆ ఎవరిలోనే ఉన్నానన్నమాట,” అన్నాడాయన. కోపంగా అనలేదు. అని మళ్ళీ లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆయన గొడవపడితే బుజ్జి ఏదో ఒకటి అనేది. ఇప్పుడు టీ వొలికిన చోట తుడిచిందే తుడుస్తూ ఉండిపోయింది.

వదిన అంటే భర్తకి సొంత అక్క. పెళ్ళయిన కొన్నేళ్ళకే మొగుడు పోతే పుట్టింటికొచ్చింది. ఎవరి దగ్గరా చెయ్యి చాచకూడదని పట్టుబట్టి ఆసుపత్రిలో ఫోన్లెత్తే పనికి కుదిరింది. జుట్టు నెరిసింది అక్కడే. ఏ డాక్టరు ఎప్పుడొస్తారు, ఏ పరీక్షకి పరగడుపున రావాలి, మనిషి పోతే కాగితాలెక్కడ తీసుకోవాలి, ఏదడిగినా ఆ గొంతే చెప్పేది. ఆసుపత్రిలో అందరికీ తలలో నాలుక. తమ్ముడి ఇంట్లో ఉంటున్నా తమ్ముడి మీద పడి తినడం లేదన్న ధీమా ఆ కుర్చీ ఇచ్చిందే. ఆ కుర్చీ పోతే ఈ ఇంట్లో తన చోటేమిటో వదినకి తెలియదు. బుజ్జికీ తెలియదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. బుజ్జిని ఆ ఆసుపత్రికి తెచ్చింది వదినే. “మా మరదలుంది సార్, కంప్యూటర్లంటే దానికి కొట్టినపిండి,” అని వెంటపడి మరీ చెప్పి ఉద్యోగమిప్పించింది. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకే బండి మీద వెళ్ళి ఒకే బండి మీద వచ్చేవారు. వెనక కూర్చుని వదిన చెప్పే కబుర్లకి బుజ్జి నవ్వాపుకోలేక బండి పక్కకి ఆపేసిన రోజులున్నాయి.

నిన్న బుజ్జి చేతి మీదుగా తయారైన ఆసుపత్రి కొత్త వెబ్‌సైటు మొదలైంది. సమావేశాల హాల్లో పెద్ద తెర, అందరికీ టీ. ఆసుపత్రి నడిపే పెద్ద సారు మైకు పట్టుకుని బుజ్జిని ఆకాశానికెత్తేశాడు. అదే ఊపులో, “డాక్టరు సమయాలు, పరీక్షల వివరాలు అన్నీ ఇందులోనే ఉన్నాయి కాబట్టి కింద మన ఫోన్ల గదితో ఇక పని లేదు. నెలాఖరుకి మూసేస్తున్నాం,” అన్నాడు. ముందు వరసలో కూర్చున్న వదిన అప్పటికే చప్పట్లు కొడుతోంది. మరదలి కోసం కొడుతోంది. మాట అర్థమయ్యాక కూడా ఆ చేతులు ఇంకోసారి కలిశాయి.

బుజ్జి వేదిక మీద నుంచి అదంతా చూసింది.

*

బుజ్జి పని తెలియని మనిషయితే ఇంత బాధ ఉండేది కాదు. ఇలాంటి పనిలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఆసుపత్రిలోపలి మనుషులతోనే సైటు కట్టాలి, ఎవరికి చెప్పకపోతే పని వాళ్ళ దగ్గరే ఆగిపోతుంది అనేది ఆమె సోమవారం సోమవారం అందర్నీ నిలబెట్టి చెప్పే మాట. నర్సులకి కాగితం మీద గడులు గీసి చూపించింది. చిరాకు పడే పెద్ద డాక్టరుగారి దగ్గర కంప్యూటరు మాటలన్నీ మానేసి, తలుపు, తాళం, బల్ల అంటూ మామూలు మాటల్లో చెప్పింది. రక్తపరీక్షల గదివాళ్ళ దగ్గరికెళ్ళి, ఈ పేజీ వస్తే మీకు ఫలానా పని పోతుంది, ఫలానా పని వస్తుంది అని ముందే చెప్పి, వాళ్ళ తిట్లన్నీ తిని మరీ ఒప్పించింది.

ఒక్క ఫోన్ల గదికే వెళ్ళలేదు. ఆఫీసులో ఉన్నప్పుడు, వదినే కదా, ఇంట్లో చెబుదాంలే అనుకుంది. ఇంటికొచ్చాక, ఆఫీసు సంగతి కదా, అక్కడే తెలుస్తుందిలే అనుకుంది. ఇంతమందికి ఇన్ని చెప్పిన మనిషి ఎలా నమ్ముకుందో చూడండి ఆ మాటని.

అంతటితో ఆగినా సరిపోయేది. సైటులో జనం అడిగే ప్రశ్నలకి జవాబులు కావాలి. ఆ జవాబులు వదిన నోట్లో ఉన్నాయి. భోజనాలయ్యాక బల్ల దగ్గర కూర్చోబెట్టి, “వదినా, కాన్పుకొచ్చేవాళ్ళు ముందేం అడుగుతారు? స్కానింగు కోసం ఫోన్ చేసేవాళ్ళకేం చెబుతావు?” అని ఒక్కొక్కటే అడిగింది. వదిన ఫోన్ చేసేవాళ్ళ గొంతులన్నీ అనుకరిస్తూ, నవ్విస్తూ, కడుపులో ఉన్నదంతా చెప్పింది. “ఇదంతా ఎందుకే?” అని ఒకసారి అడిగింది కూడా. “నీ పని తేలికవుతుంది వదినా,” అంది బుజ్జి.

ఆ మాట తలుచుకుంటే బుజ్జికి ఇవాళ తన నోటిని తనే మూసేసుకోవాలనిపించింది.

ఆఫీసుకి చేరేసరికి పేజీలకి బొమ్మలు వేసే కుర్రాడు, అందరూ రంగులాయన అంటారు, మొహం వెలిగిపోతూ ఎదురొచ్చాడు.

“మేడం, జనం బ్రహ్మాండంగా మెచ్చుకుంటున్నారు. ఇది చూడండి, ఒకావిడ రాసింది. ‘ఎవరో పెద్దావిడ పక్కన కూర్చుని చెప్పినట్టుంది, భయం పోయింది’ అట.”

“చూశాను.”

“ఆ మాటలు మీరెలా రాశారు మేడం? మనవాళ్ళెవరూ అలా రాయలేరు.”

“నేను రాయలేదు,” అంది బుజ్జి. ఇంకేదో అడగబోయి, ఆమె మొహం చూసి రంగులాయన ఊరుకున్నాడు.

ఆమె నేరుగా పెద్ద సారు గదికెళ్ళింది. పెద్ద సారు చెడ్డవాడేం కాదు. మెత్తగా మాట్లాడతాడు, కోసేటప్పుడు కూడా మెత్తగానే కోస్తాడు.

“సార్, ఫోన్ల గది గురించి. నిన్నటి నుంచి ఫోన్లు తగ్గలేదు, పెరిగాయి. సైటు ఎలా తెరవాలో అడగడానికే చేస్తున్నారు.”

“నాలుగు రోజులు అలాగే ఉంటుందమ్మా. తర్వాత తగ్గిపోతాయి. ఆ మాట నాకు చెప్పింది నువ్వే కదా? ఫోన్లు సగానికి పైగా పడిపోతాయని ఈ గదిలోనే చెప్పావు.”

బుజ్జి చెప్పింది నిజమే. పని మొదలుపెట్టనివ్వమని అడిగిన రోజున గొప్పగా చెప్పింది.

“తగ్గుతాయన్నాను సార్. మూసేయమనలేదు.”

“ఆ రెంటికీ మధ్య దూరమెంత?” అని ఆయన నవ్వాడు. “సరే, నువ్వు ఇంతగా అడుగుతున్నావు కాబట్టి ఒక కుర్చీ ఉంచుదాం. అక్కడున్న ఇద్దర్లో ఒకరు. ఎవరో సాయంత్రంలోగా నువ్వే చెప్పు. పనితో సంబంధమున్నదానివి నువ్వే.”

“నేనా సార్?”

“ఇంకెవరు? అన్నట్టు, మూసేశాక పాత నంబరుకి చేసేవాళ్ళకి వినిపించడానికి ఒక మాట రికార్డు చేయించాలి. మీ వదినగారి గొంతయితే బాగుంటుంది. ఆవిడ గొంతు జనానికి అలవాటు.” ఆయన కాగితాల మీదికి చూపు మరల్చి అన్నాడు. “ఈ ఒక్క కుర్చీ సంగతి మాత్రం మన మధ్యే ఉండనీ.”

*

మెట్లు దిగుతుంటే బుజ్జి చెవిలో అదే మాట మోగింది. మన మధ్యే ఉండనీ. ఎండల ముందు కూడా ఆయన ఇదే మాటన్నాడు. అప్పుడు ఆమె తలూపి వచ్చేసింది. ఈసారి తలూపలేదు గానీ, కాదని కూడా అనలేదు.

మెట్ల కింద ఉంటుంది ఫోన్ల గది. ఒక కిటికీ, రెండు కుర్చీలు, గోడకి తగిలించిన పంకా. ఒక కుర్చీలో వదిన, రెండో కుర్చీలో కళ్ళజోడమ్మ. కళ్ళజోడమ్మ వదిన వయసు మనిషే. మంచాన పడ్డ మొగుణ్ణి ఆ జీతంతోనే నెట్టుకొస్తోంది. ఇద్దరూ ఇన్నేళ్ళుగా ఒకే ఫ్లాస్కులో టీ తాగుతున్నారు.

వదిన ఫోన్లో మాట్లాడుతోంది.

“అమ్మా, తెర మీద పైన ఎడంపక్క మూడు గీతలున్నాయి చూడండి. కనిపించాయా? అది నొక్కండి. వచ్చిందా? కంగారేం లేదు, మెల్లగా చూడండి. నేనుంటాను.”

తనని తీసేయిస్తున్న సైటుని వదిన ఎవరికో అంత ఓపిగ్గా నేర్పుతోంది. బుజ్జి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏడిస్తే వదినే ఓదార్చాల్సి వస్తుందని ఏడుపు మింగేసింది.

ఫోన్ పెట్టేసి వదిన తలెత్తింది. “ఏం కావాలి మేడం?”

వదిన నోట ఆ మాట వినడం అదే మొదలు. కళ్ళజోడమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“మీ ఇద్దరికీ ఒక మాట చెప్పాలి,” అంది బుజ్జి. “చెప్పద్దన్నారు. అయినా చెబుతున్నాను. ఒక కుర్చీ ఉంచుతామంటున్నారు. ఒక్కటే. ఎవరికో నన్ను చెప్పమన్నారు, సాయంత్రంలోగా. మీకు తెలియకుండా నేను ఏ పేరూ చెప్పను. అందుకే వచ్చాను.”

ఫోన్ మోగింది. ఇద్దరూ ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.

“ఇప్పుడెందుకు చెబుతున్నావు?” అంది వదిన.

“అప్పుడు చెప్పలేదని.”

“నీ బరువు దించుకోడానికన్నమాట.”

“కాదు వదినా...”

“వదిన ఇంట్లో. ఇక్కడ కాదు. నువ్వే కదా అలా విడదీసింది? ఇంట్లో ఉన్నప్పుడు ఆఫీసు మాటన్నావు, ఆఫీసులో ఉన్నప్పుడు ఇంటి మాటన్నావు. మధ్యలో రోడ్డుందిగా బుజ్జీ. రోజూ నీ వెనకే కూర్చున్నానుగా. ఏ మలుపు దగ్గరో చెబితే సరిపోయేది. నేనేం చేసేదాన్ని? రెండు రోజులు ఏడ్చేదాన్ని. ఇంకో చోట పని వెతుక్కునేదాన్ని. అందరి ముందూ నా చేతులతో నేనే చప్పట్లు కొట్టుకునేదాన్ని మాత్రం కాదు.”

బుజ్జి ఒక అడుగు లోపలికి వేసి ఆగింది.

“నీ పని తేలికవుతుందన్నావు,” అంది వదిన. గొంతు మొదటిసారి పట్టు తప్పింది. “అయింది. బాగా తేలికయింది.”

కళ్ళజోడమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. ఎంతసేపు తుడిచినా మళ్ళీ పెట్టుకోలేదు.

“ఆ కుర్చీ దీనికిమ్మని చెప్పు,” అంది వదిన, పక్కకి చూడకుండానే. “దీని మొగుడికి మందులు ఆగకూడదు. నాకు తమ్ముడున్నాడు.”

ఆ చివరి మాట అనడానికి వదినకి ఎంత కష్టమయిందో బుజ్జికి తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆ మాట అనకుండా ఉండడానికే ఆమె ఈ గదికి వచ్చింది.

“నీ దానం నాకొద్దు,” అంది కళ్ళజోడమ్మ.

“దానమేంటే?”

“మరి? మరదలు పైన, వదిన కింద. నువ్వు వద్దంటావు, ఆవిడ నీ పేరే చెబుతుంది, పైకి మాత్రం నాకోసం త్యాగం చేసినట్టుంటుంది. నాకీ నాటకాలు తెలియవనుకున్నావా? ఇంతకాలం నీకేం తెలియదంటే నమ్మాలా నేను? ఒకే ఇంట్లో ఉండి, ఒకే కంచంలో తిని?”

వదిన మొహం పాలిపోయింది. “నాకు తెలియదే,” అంది. “నిజంగా తెలియదు.”

“నేనే దాచానండీ,” అంది బుజ్జి. “వదినకి నిన్ననే తెలిసింది. మీతోపాటే.”

కళ్ళజోడమ్మ లేచింది. “పైకెళ్ళి ఆయన్నే అడుగుతా. ఉంచుతారో తీసేస్తారో మొహం మీద చెప్పమంటా.”

“ఆగండి,” అంటూ బుజ్జి వెనకాల వెళ్ళబోయింది. ఆవిడ ఆగలేదు. మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి వదిన ఎత్తింది. “నమస్కారమండీ, చెప్పండి,” అంది, ఏమీ జరగనట్టు.

*

మధ్యాహ్నం పెద్ద సారు కబురు పెట్టాడు. వెళ్ళేసరికి ఆయన నిలబడి ఉన్నాడు. కూర్చోమనలేదు.

“ఆవిడొచ్చి ఇక్కడ గోల గోల చేసింది. అందరూ విన్నారు. మన మధ్య ఉండనిమ్మన్నానా లేదా?”

“అన్నారు సార్. నేనే చెప్పాను. వాళ్ళకి సంబంధించిన మాట వాళ్ళకి తెలియకుండా...”

“ముందు నాలుగు నెలలూ గుర్తు రాలేదా ఈ నీతి?”

బుజ్జి తల దించుకుంది. ఆ ప్రశ్న అడగడానికి ఆయనకేం హక్కుందో అనిపించింది గానీ, ప్రశ్న మాత్రం సరైనదే.

“ఇప్పుడు ఒకర్ని ఉంచితే రెండో మనిషి ఊరుకోదు. ఎందుకొచ్చిన తలనొప్పి? ఎవరూ వద్దు. ఇద్దరికీ నెలాఖరే. ఆ రికార్డు మాట మాత్రం రేపటికి కావాలి.”

“సార్, తప్పు నాది. కుర్చీ తీసేయకండి. మీరే ఒకసారి కిందికి వచ్చి వాళ్ళిద్దరితో మాట్లాడండి. వింటారు. మంచివాళ్ళు.”

“నువ్వు మాట్లాడింది చాలమ్మా,” అన్నాడు పెద్ద సారు, మళ్ళీ మెత్తగా.

మిగతా పూట బుజ్జి తన కుర్చీలో కూర్చుంది గానీ ఒక్క పనీ చేయలేదు. రంగులాయన ఒకటి రెండుసార్లు వచ్చి ఏదో అడిగి వెళ్ళాడు. ఏమడిగాడో ఆమెకి గుర్తులేదు. నోరు మూసుకున్నప్పుడు వదిన మనసు విరిగింది. నోరు విప్పినప్పుడు ఆ మిగిలిన కుర్చీ కూడా పోయింది.

*

సాయంత్రం జల్లు పెద్దదైంది. ఆసుపత్రి గేటు పక్కన బస్సుల కోసం జనం కిక్కిరిసి నిలబడ్డారు. చివర్న వదిన, సంచీ తల మీద పెట్టుకుని. కళ్ళజోడమ్మ ఎక్కడా లేదు, పైన గోల చేసి అటునుంచటే ఇంటికెళ్ళిపోయింది.

బుజ్జి బండి ఆపింది. “ఎక్కు వదినా. తడిసిపోతున్నావు.”

జనంతో నిండి వెళ్ళిపోతున్న బస్సు వైపు వదిన చూసింది. తర్వాత వెనక ఎక్కింది. ఎప్పుడూ భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చునేది. ఇవాళ వెనక కడ్డీ పట్టుకుంది.

కొంతదూరం పోయాక బుజ్జికి పాత అలవాటు తన్నుకొచ్చింది. ఇంటికెళ్ళాక చెబుదాం. ముందు తల తుడుచుకోనీ, టీ తాగనీ, అత్తయ్య పక్కనుంటుంది. అలా అనుకుంటూనే ఆమె బండిని పక్కకి తిప్పి, మూసేసిన ఒక కొట్టు రేకు కింద ఆపేసింది.

“ఏమయింది? పెట్రోలయిపోయిందా?”

“లేదు. చెప్పాలి.”

వదిన దిగి నిలబడింది. మొహం మీద నీళ్ళు కారుతున్నాయి. కొంగు తడిసి ముద్దయింది, తుడుచుకోడానికేం లేదు.

“ఆ ఒక్క కుర్చీ కూడా తీసేశారు,” అంది బుజ్జి. “నేను మీకు చెప్పానని. ఇద్దరికీ నెలాఖరే. నా వల్లే పోయింది వదినా. ఇంకోటి కూడా ఉంది. పాత నంబరుకి చేసేవాళ్ళకి వినిపించడానికి రికార్డు కావాలన్నారు. నీ గొంతుతో. రేపటికి. అడగడానికి నాకు నోరు రాలేదు. ఇంకేం లేదు. నాకు తెలిసింది ఇదే, మొత్తం చెప్పేశాను.”

రోడ్డు మీద బళ్ళు పోతున్నాయి.

“దానికి చెప్పావా? కళ్ళజోడుకి?”

“ఫోన్ చేసి చెప్పాను. వినగానే పెట్టేసింది.”

“ఇక అది నాతో మాట్లాడదు,” అంది వదిన. ఆ మాట బుజ్జితో అన్నట్టు లేదు. తర్వాత చెయ్యి చాచింది. “నీ ఫోనియ్యి.”

“ఎందుకు?”

“రికార్డు కావాలన్నావుగా. ఎలా నొక్కాలో చూపించు.”

“వద్దు వదినా. నేను కుదరదని చెబుతాను. ఏమన్నా అననీ.”

“ఏం చెప్పాలో నువ్వే తేలుస్తావు, ఏం దాచాలో నువ్వే తేలుస్తావు. ఒక్కసారి నా పని నన్ను చెయ్యనీ. ఇన్నేళ్ళు ఫోనెత్తాను. పెట్టేసేది కూడా నేనే పెట్టేస్తాను.”

బుజ్జి ఫోన్ తెరిచి, నొక్కాల్సిన మీట చూపించి ఇచ్చింది. వదిన గొంతు సవరించుకుంది. నిటారుగా నిలబడింది.

“నమస్కారమండీ. మీరు చేసిన ఈ నంబరు ఇకనుంచి పనిచేయదు. డాక్టర్ల సమయాలు, పరీక్షల వివరాలు వెబ్‌సైటులో ఉన్నాయి. కంగారు పడకండి. చూడటం రాకపోతే ఇంట్లో తెలిసినవాళ్ళని అడగండి, చెబుతారు.”

సరిగ్గా అప్పుడే లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

“పాడైంది,” అంది వదిన. “మళ్ళీ చెబుతా.”

రెండోసారి కూడా అంతే శుభ్రంగా, అంతే ఆప్యాయంగా చెప్పింది. బుజ్జి ఒక్కో మాటా వింది. “చూడటం రాకపోతే ఇంట్లో తెలిసినవాళ్ళని అడగండి,” అన్నాక వదిన ఆగింది. చెబుతారు అన్న మాట ఈసారి అనలేదు. మీట నొక్కి ఫోన్ తిరిగిచ్చేసింది.

“వదినా...”

“బాగానే వచ్చింది. పంపించు.”

వదిన సంచీ సర్దుకుని, అటూ ఇటూ చూసి, రోడ్డు దాటింది. అవతలి వైపు బస్సుల కోసం నలుగురు నిలబడి ఉన్నారు. అటు వెళ్ళే బస్సులేవీ ఇంటివైపు రావు. బుజ్జి పిలిచింది. వానలో వినబడలేదో, వినబడినా ఆగలేదో. బండి స్టాండు తీసి తిప్పేలోగా బస్సొచ్చింది. అది కదిలేసరికి అక్కడ వదిన లేదు.

చేతిలో ఫోన్ మోగింది. అత్తగారు.

“ఎక్కడున్నారే? ఇంత వానలో ఇద్దరూ తడుస్తున్నారా? కలిసే వస్తున్నారా?” ఆ చివరి మాటలో ఎంతో ఆశ ఉంది.

వస్తున్నామత్తయ్యా, ఇంటికొచ్చాక చెబుతాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బుజ్జి రేకు కిందికి జరిగి, రెండో చెవి చేత్తో మూసుకుంది.

“లేదత్తయ్యా,” అంది. “వదిన నాతో లేదు. ఎక్కడికెళ్ళిందో తెలియదు. ఎందుకు వెళ్ళిందో తెలుసు. మీరు కూర్చోండి, ఇప్పుడే మొదట్నుంచీ చెబుతాను.”